వీసా మీద ఉన్నవాళ్ళు సైకిల్ సంఘంలో పనిచేయొచ్చా?

ప్రశ్న: అక్కా, మేం కాలిఫోర్నియాలోని సన్నీవేల్ వచ్చి ఏడాది దాటింది. మావారిది ఉద్యోగ వీసా హెచ్-1బి, నాది ఆయన భార్యగా వచ్చిన హెచ్-4. వర్క్ పర్మిట్ ఇంకా లేదు. బాబు నాలుగో తరగతి. స్కూలు దగ్గరే, సైకిల్ మీద వెళ్తానని రోజూ గొడవ. కానీ మధ్యలో ఒక పెద్ద రోడ్డు దాటాలి. అక్కడ కార్ల స్పీడు చూస్తే నాకు టెన్షన్. స్కూలు గేటు దగ్గర ఒకావిడ పరిచయమయ్యారు. సిలికాన్ వ్యాలీ బైసికిల్ కొయలిషన్ అనే సైకిల్ సంఘంలో మా ఊరి టీముకి వాలంటీరుగా ఉన్నారట, మీటింగుకి రమ్మన్నారు. మావారేమో "వీసా మీద ఉన్నవాళ్ళకి ఇవన్నీ ఎందుకు, గ్రీన్ కార్డ్ వచ్చాక చూద్దాం" అంటున్నారు. వెళ్తే ఏమైనా ఇబ్బందా? పైగా నాకు సైకిల్ తొక్కడమే సరిగా రాదు, ఇంగ్లీషూ అంతంతే. నాతో వాళ్ళకేం పని ఉంటుంది?

జవాబు: వెళ్ళు చెల్లీ. తప్పకుండా వెళ్ళు. గ్రీన్ కార్డ్ క్యూలో మన దేశంవాళ్ళు ఎన్నేళ్ళు ఎదురుచూస్తున్నారో మీవారికి నాకంటే బాగా తెలుసు. ఆ కార్డు చేతికొచ్చేసరికి మీ బాబు కాలేజీలో ఉంటాడు. వాడు రోడ్డు దాటాల్సింది ఇప్పుడు.

ముందు వీసా సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మనవాళ్ళు ఆగిపోయేది అక్కడే. లాభాపేక్ష లేని సంస్థలో జీతం లేకుండా నిజమైన వాలంటీరుగా పనిచేయడానికి హెచ్-4 అడ్డు కాదు. ఆ పని మామూలుగా జీతమిచ్చి చేయించుకునే ఉద్యోగం కాకూడదు, దానికి బదులుగా నీకు డబ్బు రాకూడదు. టీషర్టు, కాఫీ, బిస్కట్లు పర్వాలేదు. నెలకింత స్టైపెండ్ ఇస్తామన్నా, గంటలు లెక్కగట్టి గిఫ్ట్ కార్డులు ఇస్తామన్నా మాత్రం అక్కడే ఆగి, మీ ఇమిగ్రేషన్ లాయరుని అడిగాకే సరే అను. వీధి భద్రత గురించి సిటీ మీటింగులో మాట్లాడటం వీసా ఉల్లంఘన కాదు. ఆ మీటింగులు రికార్డవుతాయి, వీడియోలు అందరికీ అందుబాటులో ఉంటాయి. ఆ సంగతి తెలిసి మాట్లాడితే చాలు. నీ పేరు చెప్పకపోతే లోపలికి రానివ్వం అనడానికి కూడా వీల్లేదు. కాలిఫోర్నియాలో 1953 నుంచి ఉన్న బహిరంగ సమావేశాల చట్టం, బ్రౌన్ యాక్ట్, ఆ హక్కు ఇస్తుంది.

గీత దాటకూడని చోట్లు కొన్ని ఉన్నాయి. షాపుల ముందు క్లిప్‌బోర్డు పట్టుకుని సంతకాలు అడుగుతుంటారు చూడు, బ్యాలట్ మీదికి ఏదో అంశం తేవాలని. ఆ కాగితాల మీద సంతకం పెట్టే హక్కు ఓటర్లది మాత్రమే. విషయం ఎంత మంచిదైనా నువ్వు పెట్టకూడదు. "ఫలానా క్రాసింగ్ బాగుచేయండి" అని కౌన్సిల్‌కి రాసే ఉత్తరం కింద సంతకం పెట్టడం వేరే సంగతి, అది ఎవరైనా పెట్టొచ్చు. ఎన్నికల్లో నిలబడ్డ అభ్యర్థికి విరాళం ఇవ్వకూడదు. పౌరసత్వమో గ్రీన్ కార్డో లేనివాళ్ళకి ఫెడరల్ చట్టం దాన్ని నిషేధించింది, సిటీ కౌన్సిల్ ఎన్నికకైనా అంతే. డీఎంవీ ఆఫీసులో డ్రైవింగ్ లైసెన్స్ తీసుకునేటప్పుడు ఓటరుగా నమోదవుతారా అని అడుగుతారు. పౌరులం కాని మనం ఆ ప్రశ్నకి కాదనే చెప్పాలి. పొరపాటున అవునని పెట్టినవాళ్ళకి తర్వాత చాలా పెద్ద చిక్కులొస్తాయి. సైకిల్ సంఘానికి చందా ఇవ్వడంలో ఏ ఇబ్బందీ లేదు. అది 501(సి)(3) సంస్థ, అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవా సంస్థ, ఏ అభ్యర్థినీ బలపరచడానికి వీల్లేదు. ఆ పరిమితి వాళ్ళకంటే నీకే ఎక్కువ రక్షణ.

ఇక అక్కడ నీ పనేమిటన్న ప్రశ్న. ఆ సంఘం 1970ల నుంచి ఉంది, శాంటా క్లారా, శాన్ మటేయో కౌంటీల్లో పనిచేస్తుంది. జీతాల మీద పనిచేసే సిబ్బంది కొద్దిమందే. ఊరి స్థాయిలో బండి నడిపేది వాలంటీర్ల టీములు. టీముని నడిపించేవాళ్ళంటే ఒంటికి అతుక్కునే డ్రస్సులేసుకుని కొండలెక్కే రేసర్లని ఊహించుకోకు. రిటైరైన టీచర్లు, ఇంజినీర్లు, నీలాంటి తల్లులు ఉంటారు. పగలు వాళ్ళ పనులు వాళ్ళవి. రాత్రి పిల్లలు పడుకున్నాక సిటీ వెబ్‌సైట్‌లో అజెండాలు తెరిచి చదువుతారు.

ఈ సంఘాల్లో నిజమైన శ్రమ ఆ చదవడమే. రోడ్డుకి కొత్తగా తారు వేసేటప్పుడు గీతలు ఎలాగూ మళ్ళీ గీయాలి. బైక్ లేన్, అంటే సైకిళ్ళకి విడిగా గీసిన దారి, అడగడానికి అంతకంటే చవకైన సమయం ఉండదు. ఆ అదను తప్పితే మళ్ళీ తారు వేసేదాకా ఏళ్ళ తరబడి ఆగాలి. అందుకని ఏ వీధికి ఎప్పుడు తారు వేస్తారో ముందే కనిపెట్టి, డిజైన్ ఇంకా కాగితం మీద ఉండగానే అడిగేవాడే మంచి టీం లీడరు. రోడ్డు వేశాక కోపంగా మాట్లాడటం ఎవరైనా చేస్తారు.

రెండోది, ఏ రోడ్డు ఎవరిదో తెలియాలి. మీ ఇంటి ముందు వీధి సిటీది. ఎల్ కమీనో రియల్ అనే పెద్ద రోడ్డు రాష్ట్రానిది, అంటే రాష్ట్ర రవాణా శాఖ కాల్‌ట్రాన్స్‌ది, దాని నంబరు 82. లారెన్స్, సెంట్రల్ ఎక్స్‌ప్రెస్‌వేలు కౌంటీవి. బస్సులూ లైట్ రైలూ కౌంటీ రవాణా సంస్థ వీటీఏ చేతిలో ఉంటాయి. బోలెడు డబ్బు కూడా అక్కడే ఉంది: 2016లో ఓటర్లు ఒప్పుకున్న మెజర్ బి ద్వారా ముప్పై ఏళ్ళ పాటు అర సెంటు అమ్మకపు పన్ను వస్తుంది. మొత్తం 630 కోట్ల డాలర్ల అంచనాలో 25 కోట్లు నడిచేవాళ్ళ కోసం, సైకిళ్ళ కోసం కేటాయించారు. నీ బాబు దాటాల్సిన రోడ్డు ఎవరిదో మొదట కనుక్కో. కౌంటీ రోడ్డు గురించి సిటీ కౌన్సిల్‌లో ఎంత బాగా మాట్లాడినా, "మా చేతిలో లేదమ్మా" అని మర్యాదగా పంపించేస్తారు.

సన్నీవేల్‌లో సైకిళ్ళకీ పాదచారులకీ ఒక సలహా కమిషన్ ఉంది, అందరూ బీపాక్ అంటారు. తిన్నగా కౌన్సిల్‌కి వెళ్ళేముందు అక్కడికి వెళ్ళు. మామూలు మీటింగు అజెండాని 72 గంటల ముందే పెట్టాలని చట్టం. అజెండాలో ఉన్న అంశం మీద, అది చర్చకొచ్చినప్పుడు మాట్లాడొచ్చు. లేని అంశమైతే దానికి వేరే సమయం ఇస్తారు, కానీ ఆ రాత్రి దాని మీద ఏ నిర్ణయమూ తీసుకోరు. చట్టం అలా ఉంది, నిన్ను పట్టించుకోలేదని బాధపడకు. సాధారణంగా మూడు నిమిషాలిస్తారు, మాట్లాడేవాళ్ళు ఎక్కువైతే రెండు, ఒక్కోసారి ఒకటే. అందుకని ఒక నిమిషంలో అయ్యేలా రాసుకుని వెళ్ళు.

ఇంగ్లీషు గురించి బెంగ వద్దు. కాగితం చూసి చదివితే ఎవరూ ఏమీ అనుకోరు. "నేను ఫలానా వీధిలో ఉంటాను. నా కొడుక్కి తొమ్మిదేళ్ళు. స్కూలుకి వెళ్ళాలంటే ఈ రోడ్డు దాటాలి. లైటు పడ్డాక కూడా కుడివైపు తిరిగే కార్లు ఆగడం లేదు. ఆ మలుపు దగ్గర అడ్డం పెట్టి, కార్లు నెమ్మదిగా తిరిగేలా చేయమని అడుగుతున్నాను." ఇంతే. ప్రపంచంలో సైకిళ్ళ ప్రయోజనాల గురించి ప్రసంగం వద్దు, అవి వాళ్ళు రోజూ వింటారు. ఆ మలుపు దగ్గర రోజూ నిలబడే తల్లి మాట వాళ్ళకి అరుదుగా దొరుకుతుంది. సైకిల్ బాగా తొక్కేవాడు ఆ రోడ్డు తనకి బాగానే ఉందంటాడు. భయపడి తొక్కని నీలాంటివాళ్ళ కోసమే కదా రోడ్డు మార్చాల్సింది. అందుకే తొక్కడం సరిగా రాదని వెనకాడకు, నీతో వాళ్ళకి పని ఉన్నదే అక్కడ.

నీకు పాలో ఆల్టోలోని బ్రయంట్ వీధి చూపించాలని ఉంది. ఎలెన్ ఫ్లెచర్ పేరు పెట్టారు దానికి. ఆమె 1928లో బెర్లిన్‌లో యూదుల ఇంట పుట్టింది. నాజీల నుంచి కాపాడటానికి పిల్లల్ని ఇంగ్లండ్ పంపిన రైళ్ళలో ఒంటరిగా వెళ్ళి, 1946లో అమెరికా చేరింది. సైకిళ్ళ పనిలోకి ఆమె వచ్చింది పిల్లల స్కూల్లో, తల్లిదండ్రుల సంఘం భద్రత బాధ్యత తీసుకోవడం ద్వారా. 1977లో సిటీ కౌన్సిల్‌కి ఎన్నికైంది. 1980ల మొదట్లో బ్రయంట్ వీధిలో కార్లు తిన్నగా దూసుకుపోకుండా అక్కడక్కడా అడ్డాలు పెట్టి, సైకిళ్ళు మాత్రం సాగిపోయేలా చేశారు. దేశంలో అలాంటి వీధి అదే మొదటిది. 2012లో ఆమె పోయారు. ఇప్పుడు పొద్దున్నే ఆ వీధిలో పిల్లలు గుంపులుగా స్కూలుకి వెళ్తుంటారు. ఒక ఆదివారం బాబుని తీసుకెళ్ళి తొక్కించు. ఆ వీధిలో కాసేపు నిలబడితే సిటీని ఏం అడగాలో నీకే అర్థమవుతుంది. మీకు ఇంకా దగ్గర్లో, 280 ఫ్రీవే మీద మేరీ అవెన్యూ దగ్గరున్న సైకిల్ వంతెన 2009లో తెరిచారు. ఆ ఆలోచన కోసం ఏళ్ళ తరబడి పట్టుబట్టిన కూపర్టినో మాజీ మేయర్ డాన్ బర్నెట్ పేరే దానికి పెట్టారు.

టీములో మెలగడం గురించి కొంచెం చెప్తాను. అందరినీ పేరుతోనే పిలుస్తారు. డెబ్బై ఏళ్ళ పెద్దావిడనైనా సరే. సర్, మేడమ్ అక్కర్లేదు. మొహమాటానికి సరే అని, తర్వాత కనిపించకుండా పోవడం మాత్రం చేయకు. ఈ ఒక్క విషయంలో మనవాళ్ళ మీద నాకు బాధ ఉంది. జీతం లేని పనే కదా అనుకుంటాం. కానీ టీం లీడరుకి కూడా జీతం లేదు. నువ్వు వస్తానన్న మాట నమ్మి ఆ రోజు పని వేసుకుంటారు. రాలేనని ముందే చెప్తే ఎవరూ ఏమీ అనుకోరు, పైగా గౌరవిస్తారు. మే నెలలో బైక్ టు వర్క్ డే వస్తుంది, ఈమధ్య దాన్ని బైక్ టు వేరెవర్ డే అని కూడా అంటున్నారు. పొద్దున్నే రోడ్డు పక్కన టేబుల్ వేసి, సైకిల్ మీద ఆఫీసుకి వెళ్ళేవాళ్ళకి కాఫీ, పండ్లు, చిన్న సంచులు ఇస్తారు. అలాంటి ఒక టేబుల్ బాధ్యత నీ చేతికి తీసుకో. ఊళ్ళో ఎవరెవరు తొక్కుతున్నారో ఒక్క పొద్దుటిలో తెలుస్తుంది.

పార్కింగ్ తీసేసి బైక్ లేన్ వేయాలన్న రోజున మీటింగు వేడెక్కుతుంది. ఎదురు మాట్లాడేవాళ్ళు నీ పొరుగువాళ్ళే, కొన్నిసార్లు మన తెలుగువాళ్ళే. వాళ్ళని విరోధులుగా చూడకు. ఇంట్లో పెద్దవాళ్ళున్నారు, మందుల కోసం కారు దగ్గరుండాలని ఒకరు చెప్తే అది నిజమైన ఇబ్బందే. విని, ఆ ఒక్క చోట పార్కింగ్ ఉంచే దారి వెతికే లీడరుకి మరుసటి ఏడాది కూడా ఆ వీధిలో తలుపులు తెరుస్తారు. గెలిచి వెక్కిరించినవాళ్ళకి తెరవరు.

రెండేళ్ళు పోయాక టీం బాధ్యత నిన్నే తీసుకోమంటారు, నాకు నమ్మకముంది. సంఘం బోర్డులో సభ్యత్వానికి పౌరసత్వం లేకపోవడం అడ్డు రాదు. కాకపోతే బోర్డు సభ్యులు విరాళాలు సేకరించాలని చాలా సంస్థలు ఆశిస్తాయి. తెలిసినవాళ్ళని డబ్బు అడగడం మనకి నామోషీగా ఉంటుంది, ఇక్కడ అది మామూలు. మీవారి కంపెనీ విరాళాలకి మ్యాచింగ్ ఇస్తుందేమో, అంటే మీరిచ్చినదానికి తనూ కొంత కలుపుతుందేమో కనుక్కో, ఇక్కడ చాలా కంపెనీలు ఇస్తాయి. సిటీ కమిషన్‌లో సభ్యురాలిగా చేరాలంటే మాత్రం ముందు దరఖాస్తు నిబంధనలు చదువు. పౌరులు కానివాళ్ళు కూడా నియామక పదవుల్లో ఉండొచ్చని 2019లో రాష్ట్రం చట్టం చేసింది, అయినా కొన్ని ఊళ్ళ నిబంధనల్లో ఓటరై ఉండాలని ఉంటుంది. భత్యం ఇచ్చే పదవైతే మళ్ళీ లాయరు మాట.

వచ్చే ఏడాది స్కూల్లో ఇంకో నలుగురు తెలుగు తల్లుల్ని కూడగట్టి, పిల్లలందరూ పెద్దవాళ్ళలో ఒకరి వెంట వరుసగా సైకిళ్ళ మీద వెళ్ళేలా 'సైకిల్ రైలు' మొదలుపెట్టమని నా కోరిక. సన్నీవేల్‌లో మనవాళ్ళం ఇంతమందిమి ఉన్నాం, కానీ వీధుల గురించి జరిగే మీటింగుల్లో మన మొహాలు చాలా తక్కువ. దాంతో మన పిల్లలు దాటే మలుపులు మ్యాపులో ఎవరూ చుక్క పెట్టని మలుపులుగానే ఉండిపోతున్నాయి.

బాబు విషయానికొస్తే, క్రాసింగ్ బాగయ్యేదాకా వాడిని ఆపక్కర్లేదు. పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళకి హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి. చీకటి పడ్డాక ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు ఉండాలి. ఆగి ఉన్న కార్ల తలుపులు తెరుచుకునేంత దూరం వదిలి తొక్కడం నేర్పు. పక్క నుంచి దాటే కారు కనీసం మూడడుగుల దూరం ఇవ్వాలన్న చట్టం 2014 నుంచి ఉంది, అయినా దాన్ని నమ్ముకుని తొక్కొద్దని చెప్పు. ఆ పెద్ద రోడ్డు దగ్గర దిగి, సైకిల్ నడిపించుకుంటూ నీతో కలిసి దాటమను. మీటింగుకి వాడినీ తీసుకెళ్ళు, పిల్లలు కూడా మాట్లాడొచ్చు.