స్పోర్టీ సెడాన్ కుదుపులకు నడుం పట్టేస్తోంది.. కారు అమ్మేయాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 38 ఏళ్లు. ఇల్లు అమలాపురం, ఉద్యోగం కాకినాడ. రోజూ యానాం మీదుగా కారులోనే వెళ్లొస్తాను. ఈమధ్య సెకండ్‌హ్యాండ్‌లో ఒక స్పోర్టీ సెడాన్ కొన్నాను. పాత ఓనరు 17 అంగుళాల అల్లాయ్స్, కారు కిందికి దిగేలా పొట్టి స్ప్రింగులు వేయించుకున్నాడు. కారు బాగుంది కానీ గతుకు వస్తే వెన్నులో గుద్దినట్టు ఉంటోంది. రెండు నెలలుగా సాయంత్రానికి నడుం కింది భాగం పట్టేస్తోంది. కాళ్లలోకి లాగడం లేదు, పడుకుని లేస్తే చాలావరకు తగ్గుతోంది. ఫ్రెండ్స్ ఎంఆర్‌ఐ తీయించుకోమంటున్నారు, ఇంట్లోవాళ్లు కారు అమ్మేయమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఇప్పుడే ఎంఆర్‌ఐ వద్దు. కారూ అమ్మక్కర్లేదు. మీరు రాసినదాన్ని బట్టి ఇది కండరాలు అలిసిపోయి వచ్చే నొప్పిలా ఉంది. కాలిలోకి లాగకపోవడం, విశ్రాంతితో తగ్గడం రెండూ మంచి సూచనలే. ఈ వయసులో ఏ నొప్పీ లేనివాళ్లకి స్కాన్ తీసినా డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) కాస్త ఉబ్బిందనో అరిగిందనో చాలామందికి వస్తుంది. ఆ కాగితం చూసి టెన్షన్ పడి బెల్టు కట్టుకుని, నడవడం మానేసి నొప్పి పెంచుకునేవాళ్లే ఎక్కువ.

కానీ కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకూడదు. మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ, తొడల లోపలివైపు తిమ్మిరి, పాదం పైకి ఎత్తలేకపోవడం.. వీటిలో ఏది వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. నొప్పితో పాటు జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, రాత్రి పడుకున్నా నొప్పి వదలకపోయినా త్వరగా డాక్టర్‌కి చూపించుకోండి.

ఇక కారు సంగతి. కూర్చున్న మనిషి వెన్ను సెకనుకు 4 నుంచి 6 సార్లు వచ్చే కుదుపుకి బాగా స్పందిస్తుంది, సీటు కదిలిన దానికన్నా నడుము ఎక్కువ ఊగుతుంది. మెత్తటి సస్పెన్షన్ ఉన్న కారు బాడీ సెకనుకు దాదాపు ఒకసారి నెమ్మదిగా ఊగుతుంది కాబట్టి ఈ కుదుపుల్లో చాలావరకు కిందే ఆగిపోతాయి. స్ప్రింగు బిరుసెక్కేకొద్దీ అవి పైకి వస్తాయి. ప్రతి కుదుపుకీ నడుం కండరాలు బిగుసుకుని వదులుతూ ఉంటాయి, రోజూ గంటల తరబడి అదే పని చేస్తే సాయంత్రానికి పట్టేయక ఏం చేస్తాయి?

మన డెల్టా రోడ్ల తీరు కూడా తోడైంది. ఇది బంకమట్టి నేల, వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంగుతుంది. కాలువ మీద వంతెన కుంగదు, దానికి అటూ ఇటూ పోసిన మట్టి కుంగుతుంది. అందుకే కాలువ దాటే చాలాచోట్ల వంతెన మొదట్లో ఒక మెట్టులాంటిది తగులుతుంది, కోనసీమలో కాలువలకి కొదవా! ఆ మెట్టు ఎక్కగానే మీకు గుద్దినట్టు అనిపిస్తోందంటే పొట్టి స్ప్రింగు వల్ల చక్రం పైకి కదలడానికి చోటు చాలక, షాక్ అబ్జార్బర్ దగ్గరుండే రబ్బరు స్టాపర్‌కి కొట్టుకుంటూ ఉండొచ్చు. ఆ దెబ్బ నేరుగా సీటుకి వస్తుంది.

ముందు ఖర్చు లేని పని చేయండి. డ్రైవర్ డోరు తెరిస్తే పక్కన స్టిక్కర్ మీద టైర్లలో గాలి ఎంత ఉండాలో రాసి ఉంటుంది. పొద్దున్నే, కారు తీయకముందు కొలవండి. బంకులో అడక్కుండానే 38, 40 కొట్టేస్తుంటారు, అడగాల్సింది స్టిక్కర్ మీది లెక్క. అలాగని మెత్తగా ఉంటుందని అంతకన్నా తగ్గించొద్దు, టైరు వేడెక్కుతుంది, పక్కగోడ పొట్టిగా ఉన్న టైరైతే గుంటలో పడినప్పుడు అల్లాయ్ వంగిపోతుంది.

తర్వాత డబ్బు పెట్టాల్సింది స్ప్రింగుల మీదే, నా సలహా ఇది. కంపెనీ కొలత స్ప్రింగులు, వాటికి సరిపోయే షాక్స్ తిరిగి వేయించి వీల్ అలైన్‌మెంట్ చేయించండి. కారు ఎత్తు పెంచడానికని స్ప్రింగుల మధ్య రబ్బరు బఫర్లు పెట్టే షాపులు చాలా ఉన్నాయి, అవి స్ప్రింగుని ఇంకా బిరుసు చేస్తాయి, మీకు అసలు వద్దు. పాత షాక్స్ పోయాయో లేదో మీరే చూసుకోవచ్చు. బానెట్ మూల గట్టిగా నొక్కి వదలండి, ఒకసారి లేచి కుదురుకోవాలి, రెండు మూడు సార్లు ఊగినా, షాక్ ఒంటి మీద ఆయిల్ కారిన జిడ్డు కనిపించినా మార్చాల్సిందే.

టైర్లు అరిగి ఎలాగూ మార్చాల్సి వస్తే అప్పుడు అల్లాయ్స్ సంగతి ఆలోచించండి. ఉదాహరణకి 215/45 ఆర్17 టైరు పక్కగోడ 97 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, 205/55 ఆర్16 అయితే 113 దాకా వస్తుంది. మొత్తం చక్రం కొలతలో తేడా దాదాపు ఒక శాతమే కాబట్టి స్పీడోమీటర్‌కి పెద్దగా ఇబ్బంది లేదు, పైగా గుంటకీ మీకూ మధ్య అంత గాలి దిండు పెరుగుతుంది. 16 అంగుళాల రిమ్ముకి బ్రేకు కాలిపర్ తగలకుండా ఉంటుందో లేదో ముందే పెట్టి చూడమనండి. టైరు లోడ్ రేటింగ్, అంటే అది మోయగల బరువు, కంపెనీ చెప్పినదానికి తగ్గకూడదు.

సీటు కూడా ముఖ్యమే. స్పోర్టీ కారు కదా అని వెనక్కి వాలిపోయి కాళ్లు చాపి కూర్చుంటే నడుం వంపు పోతుంది. తుంటి మోకాలి కన్నా కాస్త ఎత్తులో ఉండాలి, వీపు ఆన్చే భాగం 100 నుంచి 110 డిగ్రీల వాలులో ఉండాలి, క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి. ప్యాంటు బెల్టు ఉండే చోట, నడుం వెనక తువ్వాలు చుట్టి పెట్టండి. వెనక జేబులో పర్సు తీసి డాష్‌బోర్డులో పడేయండి, దాని మీద కూర్చుంటే నడుం ఒక పక్కకి వంగుతుంది. వంతెన మెట్టు రాకముందే వేగం తగ్గించి, సరిగ్గా ఎక్కేటప్పుడు బ్రేకు వదిలేయండి. బ్రేకు మీద ఉంటే ముందు స్ప్రింగులు అప్పటికే నొక్కుకుని ఉంటాయి, కుదుపు తీసుకోవడానికి చోటు మిగలదు.

దారిలో ఒకసారి దిగి నాలుగు అడుగులు వేయండి. ఇంటికి రాగానే గ్యాస్ బండో బియ్యం బస్తానో ఎత్తొద్దు, కాసేపు నడిచాక ఎత్తండి. రోజూ అరగంట నడక, దాంతో పాటు వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి తుంటి పైకెత్తి కొద్ది సెకన్లు ఆపడం, చేతులు, మోకాళ్లు నేల మీద ఆనించి ఎదురెదురు చెయ్యీ కాలూ చాపడం పది పది సార్లు చేయండి. పనిచేసే మందు ఇదే. నొప్పి మాత్రలు మెడికల్ షాపులో అడిగి వరసగా మింగొద్దు, బీపీ, కిడ్నీ సమస్య, అల్సర్ ఉన్నవాళ్లకి మరీ ప్రమాదం. సిగరెట్ అలవాటుంటే మానేయండి, డిస్క్‌కి అందే రక్తాన్ని అది తగ్గిస్తుంది.

ఇవన్నీ చేస్తూ ఆరు వారాలు చూడండి. అప్పటికీ అలాగే ఉంటే, లేదా ఈలోగా నొప్పి పిర్ర నుంచి పిక్కలోకి దిగితే ఆర్థోపెడిక్ డాక్టర్‌ని కలవండి. స్కాన్ కావాలో వద్దో ఆయన చేత్తో పరీక్షించి చెబుతారు.