ఆ మూడో పేజీ గురించి

హనుమకొండ

బిడ్డా,

హీలియం వాయువుతో నడిచే అణు రియాక్టర్‌లోని ఉష్ణ వినిమాయకం, అంటే ఒక ప్రవాహంలోని వేడిని ఇంకోదానికి అందించే పరికరం, మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మూడో పేజీలో “నికెల్ మిశ్రమాలకు తుప్పు పట్టదు, పైగా హీలియం జడవాయువు, కాబట్టి ఉష్ణ వినిమాయకానికి ఢోకా లేదు” అని రాశావు. అది చదివాక నిద్ర పట్టలేదు, లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

తుప్పు పట్టకపోవడం కాదు, పట్టడం వల్లే ఆ లోహం బతుకుతుంది. ఇలాంటి వినిమాయకాలకు ఎంచే నికెల్ మిశ్రమం అల్లాయ్ 617లో క్రోమియం దాదాపు 22 శాతం. వేడెక్కగానే అది ఆక్సిజన్‌తో కలిసి పలచటి పొర కడుతుంది. ఆ పొరను దాటి రావడం ఆక్సిజన్‌కు కష్టం కాబట్టే లోపలి లోహం క్షేమం. మందం పెరిగేకొద్దీ పెరుగుదల నెమ్మదిస్తుంది: రెండింతలు కావాలంటే నాలుగింతల కాలం పడుతుంది. నీ వ్యాసానికి ప్రాణం ఈ పొరే. అదే నీ వ్యాసంలో లేదు.

హీలియం తనంతట తాను ఏమీ చేయదు, నిజమే. కానీ రియాక్టర్‌లో తిరిగే హీలియంలో తేమ, కార్బన్ మోనాక్సైడ్, మీథేన్ లాంటివి పది లక్షల్లో కొన్ని వంతులైనా ఉంటాయి. 950 డిగ్రీల దగ్గర ఆ పాళ్ళు కుదరకపోతే, లోహంలోని కార్బనే పొరలోని ఆక్సిజన్‌ను లాక్కుని వాయువై వెళ్ళిపోతుంది. పొరా పోయె, కార్బన్ ఇచ్చే బలమూ పోయె. ఒక్క శాతం ఉన్న అల్యూమినియం కూడా ఊరుకోదు, రేణువుల సందుల వెంట వేళ్ళు దిగినట్టు లోపలికి ఆక్సీకరణ చెందుతుంది. జపాన్ వాళ్ళ ప్రయోగాత్మక అణు రియాక్టర్ హెచ్‌టీటీఆర్ 2004లో 950 డిగ్రీల హీలియం ఇచ్చింది. దాని వినిమాయకానికి వాడిన హాస్టెలాయ్ ఎక్స్‌ఆర్ అనే నికెల్ మిశ్రమంలో, పొర గట్టిగా నిలవాలనే మాంగనీస్, సిలికాన్ పాళ్ళు సరిచేశారు.

నేనూ ఒకప్పుడు పుస్తకాల్లోంచి ఎత్తి రాసినవాడినే. కాజీపేటలో అద్దె గదిలో ఉన్నప్పుడు కాయిల్ హీటర్ మీద అన్నం వండుకునేవాడిని. కాయిల్ తెగితే కొసలు మెలిపెట్టి ముడేసేవాడిని, ఆ ముడి దగ్గరే మరీ ఎర్రగా కాలి మళ్ళీ తెగేది. ఓ పొద్దున తెగిన ముక్కను కిటికీ వెలుగులో చూశాను. నల్లటి పొర పొలుసులుగా లేచి, కింద లోహం మెరుస్తోంది. అది నైక్రోమ్, అంటే నికెల్, క్రోమియమే. చల్లారినప్పుడు లోహం ముడుచుకున్నంతగా పొర ముడుచుకోదు, అందుకే రాలుతుంది. ఏళ్ళ తరబడి చదివింది ఆ పూట అర్థమైంది.

దాని మీదే వ్యాసం రాసి ఒక వారపత్రికకు పంపాను. సంపాదకుడు ‘పొర’ కొట్టేసి ‘ఆమ్లజనిత పటలం’ అని పెట్టాడు. హీటర్ సంగతంతా తీసేశాడు, వంటింటి కబుర్లు సైన్సు కాదట. ముప్పై ఏళ్ళు దాటినా ఆ కోపం చల్లారలేదు. ఇప్పటి ఫ్యాషన్ వేరు: ఏ లోహం గురించి రాసినా, మన తెలంగాణలో పూర్వం కత్తులకు పేరుపడ్డ కోనసముద్రం ఉక్కుతో మొదలుపెట్టాలి! ఆ ఉక్కు గొప్పదే, దానికి వేరే వ్యాసం రాయి. నీ మొదటి పేజీ తీసెయ్.

రామగుండంలో మీ నాన్న స్టీలు పైపు వెల్డింగ్ చేస్తే, అతుకు పక్కన పసుపు, నీలం రంగులు తేలేవని ఒక్క వాక్యం రాశావు. అక్కడ నా చెయ్యి ఆగింది. ఆ రంగులు పొరవే, బిడ్డా. మందాన్ని బట్టి రంగు మారుతుంది. అంత దగ్గరగా చూసినదాన్ని ఒక్క వాక్యంతో ఎలా వదిలేశావు?

నువ్వు అడిగిన కలం పేరు సంగతి, పత్రికల సంగతి తర్వాత చూద్దాం. ఈ ఆదివారం మీ నాన్న పక్కన కూర్చుని ఏ రంగు ముందు వస్తుందో, అతుక్కి ఎంత దూరంలో వస్తుందో అడిగి రాసుకో. ఆ కాగితాలు పంపు.