ఇంటి ఉత్తరాల్లో ‘బేగి’ని దిద్దవచ్చా?

సందేహం: మా పెదనాన్నగారు నవలా రచయిత. మద్రాసులో సినిమాలకు మాటలు రాసే రోజుల్లో విజయనగరంలోని వాళ్ళ అప్పకు రాసిన ఉత్తరాలు పుస్తకంగా వేస్తున్నాం. ‘‘బేగి వచ్చేద్దునప్పా, సీను తెమల్లేదు’’ వంటి చోట్ల ‘త్వరగా’, ‘అక్కా’ అని దిద్దమంటున్నారు ప్రూఫులు చూసినవారు. ‘మహాలక్ష్మీ సమానురాలైన’ వంటి సంబోధనలూ తీసేయమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఓ పాఠకురాలు, శ్రీకాకుళం

సమాధానం: దిద్దకండమ్మా. అవి తప్పులు కావు.

‘బేగి’ మన ఉత్తరాంధ్ర నోట ఇప్పటికీ ఆడుతున్న మాట. ‘వేగ’కు చుట్టం, కన్నడంలో ‘బేగ’. అక్కను ‘అప్ప’ అనడమూ మన వైపు మామూలే. కాకపోతే కన్నడ, తమిళాల్లో అప్ప అంటే తండ్రి. అటువైపు జిల్లాల పాఠకులు పొరబడకుండా మొదటి ఉత్తరం కింద చిన్న వివరణ ఇవ్వండి, చాలు.

సినిమా మాట ఏ జిల్లా హాల్లోనైనా వినగానే తెలియాలి. అందుకని అక్కడ ‘అక్క’ అని రాయక తప్పదు. 1938లో ‘మాలపిల్ల’కు వాడుక భాషలో మాటలు రాసిన తాపీ ధర్మారావుగారు గిడుగు రామమూర్తిగారి శిష్యులు. గిడుగువారు పుట్టింది శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలోనే. అయినా ఆ వాడుక భాష తెరమీద, అచ్చులో కుదురుకునేసరికి ఎక్కువగా కృష్ణా గోదావరి జిల్లాల పలుకుబడి అయింది. మన పలుకుబడి చాలామటుకు ఇలాంటి ఇంటి ఉత్తరాల్లోనే మిగిలింది. దాన్నీ చెరిపేస్తే మీ పెదనాన్నగారు తోబుట్టువుతో ఎలా మాట్లాడేవారో చెప్పే ఆధారం పోతుంది. నాకు అది ఆయన రాసిన ఏ సీను కన్నా విలువైనది.

అలాగని యాస ఎక్కించనూవద్దు. మీరు పంపిన నకళ్ళలో ‘నేను’, ‘లేదు’ అనే ఉన్నాయి. రుచి కోసం వాటిని ‘నాను’, ‘నేదు’ చేస్తే అదీ అపచారమే. కలం జారి అక్షరం ఎగిరిపోయిన చోట మాత్రం చదరపు కుండలీకరణాల్లో పూరించండి. ఒకే రూపం పదే పదే కనిపిస్తే అది పొరపాటు కాదు, ఆయన భాష.

ఇక సంబోధనలు. ముత్తయిదువైన పెద్దావిడకు ‘మహాలక్ష్మీ సమానురాలైన’ అని, భర్త పోయినావిడకు ‘గంగాభాగీరథీ సమానురాలైన’ అని రాయడం ఆనాటి ఆచారం. ఈనాడు ఆ తేడా మనకు నచ్చకపోవచ్చు, నాకూ నచ్చదు. కానీ నకళ్ళలో రెండూ ఉన్నాయి, సగానికి తేదీలు లేవు. మీ మేనత్తగారి భర్త ఎప్పుడు పోయారో ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. ఏవి ముందువో ఏవి తర్వాతవో ఆ సంబోధనను బట్టి విడదీయవచ్చు.