పాలు, హాలు: రెండు మాటలూ బిడ్డవే

ఇంట్లో రెండో భాష గురించి పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది నారాయణపేట జిల్లా మక్తల్. నా పుట్టినిల్లు రాయచూరు. చదువంతా కన్నడంలోనే సాగింది. ఇంట్లో అత్తమ్మ, మామయ్య, మా వారు తెలుగు మాట్లాడతారు. మా బాబుకు మూడున్నర ఏళ్లు. పుట్టినప్పటి నుంచి నేను వాడితో కన్నడంలోనే మాట్లాడేదాన్ని. వాడు రెండూ కలిపి ‘నాకు హాలు (పాలు) కావాలె’ అంటుంటాడు. బడిలో చేర్పించడానికి తీసుకుపోతే, మాటలు కలగలుపుతున్నాడనీ, ఇకమీదట ఇంట్లో ఇంగ్లీషు తప్ప మరేదీ వినిపించవద్దనీ ఒక ప్రైవేటు బడిలో చెప్పారు. రెండు నెలలుగా నాకు వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషుతోనే నెట్టుకొస్తున్నాను. బాబు నాతో మాట్లాడటమే తగ్గించాడు. నేను చేస్తున్నది సరైనదేనా?
– ఒక తల్లి, మక్తల్

జవాబు: అమ్మా, ఈ సాయంత్రం నుంచే బాబుతో మళ్లీ కన్నడంలో మాట్లాడండి. మిగిలిన సంగతులు ఆ తరువాత చూసుకోవచ్చు.

మీ బాబు అన్న మాటనే ఒకసారి నిదానంగా చూడండి. ‘నాకు హాలు కావాలె’ అన్నప్పుడు ‘హాలు’ ఒక్కటే కన్నడం. ‘నాకు’, ‘కావాలె’ రెండూ తెలుగువి, ఉండవలసిన చోటనే ఉన్నాయి. వాడు తెలుగు వాక్యాన్ని ఎక్కడా విరగ్గొట్టలేదు, నోటికి ముందుగా అందిన మాటను అందులో పెట్టుకున్నాడు, అంతే. ‘బస్సు లేటయింది’ అని మనం రోజూ అనేది కూడా ఇదే పని. దీన్ని గందరగోళం అనుకోవడం బడివాళ్ల పొరపాటు. రెండు భాషల మధ్య పెరిగే పిల్లలు ఇలా కలపడం సహజం. రెండేళ్లు దాటే సరికే ఎవరితో ఏ భాష అన్నది వాళ్లకు తెలియడం మొదలవుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ ఆ తేడా స్థిరపడుతుంది. మీ అత్తగారిని పాలు అడిగేటప్పుడు ఏమంటాడో, మిమ్మల్ని అడిగేటప్పుడు ఏమంటాడో ఒక వారం పాటు గమనించి చూడండి.

బాబు మౌనానికి కారణం మీ ఉత్తరంలోనే ఉందని నాకనిపిస్తోంది. కొద్దిపాటి ఇంగ్లీషుతో బిడ్డకు ఏం చెప్పగలం? రా, కూర్చో, తిను, ముట్టుకోకు. అవన్నీ ఆజ్ఞలే. వాటికి బదులు చెప్పవలసిన పని బిడ్డకు ఉండదు. అదే మీరు జొన్నరొట్టె చేస్తుంటే వాడు పక్కన కూర్చున్నాడనుకోండి. ‘నీళ్లు మరిగినయి, పిండిలో పోస్తున్న, ఇప్పుడే చెయ్యి పెడితే కాలుతది, జర ఆరనీ, నీకూ చిన్న ముద్ద ఇస్తా, తట్టు, అంచు పగిలిందా, అయితే తడి చెయ్యి అద్దు, పెనం మీద ఎట్ల పొంగుతుందో చూడు, ఎందుకు పొంగిందంటవ్?’ ఈ మాటలన్నీ మీ కన్నడంలో చెప్పి చూడండి. ఇందులో ముందూ వెనుకా ఉన్నాయి, ‘ఇట్లా చేస్తే అట్లా అవుతుంది’ అన్న తర్కం ఉంది, చివర వాడు ఆలోచించి చెప్పవలసిన ప్రశ్న ఉంది. రేపు బడిలో ఇంగ్లీషు పాఠాన్ని అర్థం చేసుకోవడానికి పనికివచ్చేది ఈ తెలివే. అది ఒక భాషలో కుదురుకుంటే మరో భాషకు దానంతట అదే నడిచి వస్తుంది, అందుకే తల్లి తనకు నిండుగా వచ్చిన భాషలో మాట్లాడాలని ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీ ఇంటికి మరొక వరం ఉంది. తెలుగు, కన్నడం ఒకే ద్రావిడ కుటుంబపు భాషలు, లిపులు కూడా అక్కాచెల్లెళ్లే. మన భాషలో ‘ప’తో మొదలయ్యే పాత మాటలు చాలావరకు కన్నడంలో ‘హ’తో మొదలవుతాయి: పాలు–హాలు, పులి–హులి, పాము–హావు, పువ్వు–హూవు, పంది–హంది, పల్లె–హళ్లి, పన్ను–హల్లు. పాత కన్నడంలో ఇవి కూడా ‘ప’తోనే ఉండేవి, ఆ తరువాత మారాయి. దీన్నే ఆటగా మార్చండి. నానమ్మ ‘పులి’ అంటే మీరు ‘హులి’ అనండి, మూడోసారి బాబు వంతు. వాడు తానే ఒక జత పట్టుకున్న రోజున వాడి ముఖం చూడండి. కన్నడంలో మాట్లాడుతుంటే ఇంట్లో ఎవరూ వెక్కిరించకుండా చూసుకునే బాధ్యత మాత్రం మీ వారిది. ఒక భాష నవ్వులపాలవుతోందని తోచిన రోజున పిల్లలు దాన్ని వదిలేస్తారు. రాయచూరులోని అమ్మమ్మతో రోజూ కాసేపు ఫోనులో మాట్లాడించండి, ఆమెకు తెలుగు అంతగా రాకపోతే మరీ మంచిది, బాబుకు కన్నడంతో నిజమైన అవసరం ఉంటుంది.

ఇంగ్లీషు మాటకు వస్తే, రోజుకొక బొమ్మల పుస్తకం చాలు. బొమ్మ కింది వాక్యాన్ని ఇంగ్లీషులో చదివి, ముచ్చట మాత్రం మీ భాషలో పెట్టండి.

ఒక్క జాగ్రత్త చెప్పవలసి ఉంది. బాబుకు ఎన్ని మాటలు వచ్చాయో లెక్క వేసేటప్పుడు రెండు భాషల మాటలనూ కలిపే లెక్కించాలి, తెలుగు ఒక్కటే చూసి వెనుకబడ్డాడని అనకూడదు. కానీ ఏ పిల్లలైనా రెండేళ్లు నిండినా ఏ భాషలోనూ రెండు మాటలు కలపకపోయినా, వెనుక నుంచి పిలిస్తే తిరగకపోయినా, వచ్చిన మాటలు పోతున్నా దానికి కారణం రెండు భాషలు కావు. భాష తగ్గించి చూద్దామని నెలలు పోగొట్టుకోకుండా ముందు వినికిడి పరీక్ష చేయించాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో నడిచే డీఈఐసీ (డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్) కేంద్రాలు ఉన్నది ఇటువంటి పిల్లల కోసమే.

ప్రశ్న: మా పాపకు రెండున్నర ఏళ్లు. ఫోనులో పాటలు చూసి రంగులు, అంకెలు ఇంగ్లీషులో గడగడా చెబుతుంది. భాష రావడానికి ఇది చాలదా?
– ఒక తండ్రి, నల్లగొండ

జవాబు: చాలదు. 2003లో వెలువడిన ఒక పరిశోధనలో, అమెరికాలో పాట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త బృందం తొమ్మిది నెలల పసివాళ్లకు 12 విడతలుగా చైనా భాష వినిపించింది. ఎదురుగా కూర్చుని మనుషులు ఆడిస్తూ మాట్లాడినప్పుడు ఆ పిల్లలు ఆ భాషలోని ధ్వనుల తేడా పట్టుకున్నారు. అవే మాటలు తెర మీద చూపినప్పుడు పట్టుకోలేదు. పాప ‘రెడ్’ అంటుంది సరే, ఆరేసిన బట్టల్లోంచి ‘ఎర్రది తెచ్చియ్యి బిడ్డా’ అంటే తెస్తుందా? ఆ రోజు వచ్చినట్టు లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారం రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు తెర రోజుకు గంట మించకూడదు, అంతకన్నా తగ్గితే ఇంకా మేలు. ఆ కాస్తసేపైనా మీరు పక్కన కూర్చుని, ఆ పాటలోని కోడి ఏం చేస్తోందని పాపను అడగండి.

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర తండా. ఇంట్లో అందరం గోర్ బోలీ (లంబాడీ భాష) మాట్లాడతాం. పాప వచ్చే నెల అంగన్‌వాడీకి పోవాలి, తెలుగు రాదు. ఇప్పటి నుంచే ఇంట్లో తెలుగుకు మారమంటారా?
– ఒక తండ్రి

జవాబు: మారవద్దు. మీ కష్టం మక్తల్ తల్లి కష్టం కన్నా పెద్దది, ఎందుకంటే గోర్ బోలీ రాజస్థానీకి దగ్గరి భాష, తెలుగుతో మాటలు కలవవు. అక్కడ ‘పాణి’, ఇక్కడ నీళ్లు. అక్కడ ‘యాడి’, ఇక్కడ అమ్మ. పైగా 2022–23 నుంచి తెలంగాణలో సర్కారు బడులు ఇంగ్లీషు మాధ్యమంలోకి వచ్చాయి గనుక, ఒకటో తరగతిలో పాపకు మూడో భాష కూడా ఎదురవుతుంది. ఇంతటి బరువు ఎత్తుకోబోయే బిడ్డకు కథలు, లెక్కలు, అలకలు, సముదాయింపులు అన్నీ సొంత భాషలో నిండుగా దొరకాలి.

తెలుగుకు ఈ నెలలో మనుషులను వెతకండి. ఊళ్లో తెలుగు మాట్లాడే ఇంటి పిల్లలతో రోజూ ఒక పూట ఆడుకోనివ్వండి. పాపకు తక్షణం కావలసిన తెలుగు నాలుగు మాటలే: ‘నీళ్లు కావాలె’, ‘ఒంటికి పోతా’, ‘ఆకలైతుంది’, ‘నొప్పి లేస్తుంది’. వీటిని ఆటలో, బొమ్మ చేత అనిపిస్తూ నేర్పండి. అక్కడికి పోయాక పాప కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు కూడా పెదవి విప్పకపోవచ్చు. ఆ సమయంలో ఆమె వింటూ, మాటలు పోగు చేసుకుంటూ ఉంటుంది గనుక ‘మాట్లాడు, మాట్లాడు’ అని ఒత్తిడి చేయకండి. నేను చిన్న తరగతులకు చెప్పిన రోజుల్లో ఒక తండా పిల్ల ఎండాకాలం సెలవుల దాకా నోరు తెరవలేదు. పొమ్మన్న చోటికి పోయేది, తెమ్మన్నది తెచ్చేది, అంటే అన్నీ అర్థమవుతున్నాయని నేను గ్రహించడానికే చాలాకాలం పట్టింది.

తరువాత బడిలో ఇచ్చే సర్కారు పుస్తకాలు ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగుతో వస్తున్నాయి. మీకు తెలుగు చదవడం వస్తే ఆ పేజీ చదివి, సంగతి గోర్ బోలీలో వివరించండి. చేర్పించే రోజున మాత్రం పాపతో పాటు మీరూ కాసేపు కూర్చుని, ‘పాణి’, ‘యాడి’, ‘బాటి’ (రొట్టె) అంటే ఏమిటో టీచరమ్మకు చెప్పి, గోడకు ఒక కాగితం మీద తెలుగు అక్షరాలలో రాసి అంటించి రండి.