ఉచిత గదా, ఫౌంటెన్ కనిపించే గదా?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. మా పెళ్ళయి పదేళ్ళు నిండుతున్నాయని లాస్ వేగాస్‌లో 3 రాత్రులు ఉందామనుకుంటున్నాం. విమానం టికెట్లు కాకుండా ఇందుకోసం 3,000 డాలర్లు దాచాం. నాకు బెల్లాజియో హోటల్లో ఫౌంటెన్ వైపు గది కావాలని ఉంది. రాత్రికి 335 డాలర్లు చూపిస్తోంది. మా వారికేమో పోయినేడాది ఆడిన క్యాసినో నుంచి 3 రాత్రులు గది ఉచితమని మెయిల్ వచ్చింది. అప్పుడు ఆయన రూలెట్‌లో, అంటే అంకెల చక్రం తిప్పే జూదంలో, 1,400 డాలర్లు పోగొట్టుకున్నారు. అందులో 600 క్రెడిట్ కార్డు మీద తీసిన నగదు. "వెయ్యి డాలర్లు మిగులుతుంటే ఎవరైనా వదులుకుంటారా?" అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ఆ ఉచిత గది వద్దమ్మా. ఎందుకో లెక్కతో సహా చెప్తాను, మీ వారికి కూడా చదివి వినిపించండి.

ఆ మెయిల్ ఊరికే రాలేదు. బల్ల దగ్గర కూర్చున్నప్పుడు ఆయన ప్లేయర్స్ కార్డు ఇచ్చి ఉంటారు. ఎంతెంత పందెం కాశారు, ఎన్ని గంటలు ఆడారు అన్నది దాని మీద నమోదవుతుంది. అలా ఆడే మనిషి నుంచి సగటున ఎంత వస్తుందో క్యాసినోవాళ్ళు లెక్క కడతారు. దాన్నే 'థియో' అంటారు. అందులో కొంత భాగాన్ని గదిగానో భోజనంగానో తిరిగిస్తారు. అంటే మీ వారు మళ్ళీ అలాగే ఆడతారన్న నమ్మకంతోనే ఆ గది ఇస్తున్నారు.

రెండు సున్నాలున్న రూలెట్‌లో కాసిన ప్రతి 100 డాలర్లలో సగటున 5.26 క్యాసినోకు పోతాయి. ఆటకు 25 డాలర్ల చొప్పున గంటకు 40 సార్లు చక్రం తిరిగిందనుకుందాం. కాసింది 1,000 డాలర్లు, పోయేది దాదాపు 53. రోజుకు 4 గంటలు, 3 రోజులు కూర్చుంటే 630 డాలర్లు. పెద్ద క్యాసినోలు వరసగా ఉండే వీధిని స్ట్రిప్ అంటారు, దాని మీద ఇప్పుడు మూడు సున్నాల చక్రాలు కూడా కనిపిస్తాయి. వాటిలో క్యాసినోకు పోయేది 7.69 శాతం, అంటే అదే ఆటకు 920 పైమాటే. ఇది సగటు మాత్రమే. చేతిలోంచి పోయేది దీనికి రెండింతలు కూడా కావచ్చని పోయినేడాది మీరే చూశారు.

ఇక ఆ 600 సంగతి. కార్డుతో షాపులో కొంటే, ప్రతినెలా పూర్తిగా కట్టేవాళ్ళకి గడువు తేదీ దాకా వడ్డీ పడదు. అదే కార్డు మీద నగదు తీస్తే మామూలుగా ఆ రోజు నుంచే వడ్డీ మొదలు, పైగా ఫీజు. ఆ బాకీ ఏమైనా మిగిలి ఉంటే ఈ 3,000లోంచే ముందు అది తీర్చేసి, మిగిలినదాంతో ప్రయాణం వేసుకోండి. ఈ ఒక్క విషయంలో నేను మొహమాటపడను.

మీ గది లెక్క చూద్దాం. 2025 మే 12 నుంచి అమెరికాలో హోటళ్ళు తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన ధరే ముందు చూపాలి. కాబట్టి గది అద్దె కాక హోటల్ రాత్రికింత అని వేసే రిసార్ట్ ఫీజు ఆ 335లోనే ఉండాలి. పన్ను మాత్రం తర్వాత కలుస్తుంది. స్ట్రిప్ మీద అది 13.38 శాతం, రిసార్ట్ ఫీజు మీద కూడా పడుతుంది. అంటే రాత్రికి 380, మూడు రాత్రులకు 1,140. మీ 3,000లో ఇది మోయగలిగిన బరువే. పదేళ్ళ పెళ్ళిరోజుకి కిటికీలోంచి ఆ నీళ్ళు చూడాలనుకోవడం దుబారా అని నేననను. డబ్బు దాచుకునేది ఇలాంటి వాటికే కదా.

అయినా ఇంకో హోటల్ చూడమంటాను. బెల్లాజియో పక్కనే విడారా ఉంది. అందులో క్యాసినో లేదు, సిగరెట్ పొగ లేదు. గదులన్నీ చిన్న వంటగదితో ఉన్న సూట్లు. వాటిలో కొన్ని ఫౌంటెన్ వైపే ఉంటాయి. క్యాసినో హోటళ్ళలో గది నుంచి కాఫీకి వెళ్ళాలన్నా మామూలుగా ఆ బల్లల మధ్య నుంచే దారి. పొద్దున్నే ఒకసారి, రాత్రి ఒకసారి అలా నడిచే మనిషికి ఆట మీదికి మనసు ఎంత లాగుతుందో ఆలోచించండి. మీ వారికి ఆడాలనిపిస్తే లేచి వేరే భవనానికి నడవాలి. ఆ కాస్త దూరమే మీ డబ్బుకు కాపలా. రెండింటి ధరా పన్నుతో కలిపి ఒకే తేదీలకు పోల్చుకోండి.

తేదీలు మార్చగలిగితే శుక్ర, శని వారాలు తప్పించి ఆదివారం దిగండి. జనవరిలో సీఈఎస్ అనే పెద్ద ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన జరిగే వారం, నవంబరులో ఫార్ములా వన్ రేసు జరిగే వారం అసలు పెట్టుకోకండి.

చెకిన్‌లో డెబిట్ కార్డు ఇవ్వకండి. గది ఖర్చులకని హోటల్ కొంత సొమ్ము హోల్డ్ చేస్తుంది. డెబిట్ అయితే అది మీ ఖాతాలోని అసలు డబ్బు, తిరిగి కనిపించడానికి రోజులు పడుతుంది. గదిలోని మినీబార్ జోలికీ వెళ్ళకండి. ఒకసారి ఒక హోటల్లో మా అమ్మ ఇన్సులిన్ పెట్టడానికి రెండు సీసాలు పక్కకు జరిపాను. కింద సెన్సర్ ఉందట, రెండూ తాగినట్టు బిల్లులో పడ్డాయి. కౌంటర్లో అడిగితే తీసేశారు. బిల్లు చదవకపోతే కట్టేసేవాణ్ణే. మందులకు ఫ్రిజ్ కావాలంటే హోటల్‌వాళ్ళనే అడగండి.

ఆటకు 300 డాలర్లు నగదుగా తీసుకెళ్ళండి, రాత్రికి 100 చొప్పున మూడు కవర్లలో. కార్డులు గదిలోని లాకర్లో ఉండాలి. ఆ కవర్లు మీ వారే సర్దుకోవాలి, మీరు కాదు. మీ చేతిలో ఉంటే ప్రతి రాత్రీ మిమ్మల్ని అడగాల్సివస్తుంది, పెళ్ళిరోజు కాస్తా పేచీ అవుతుంది. కవరు అయిపోయాక ఆయన ఆగలేకపోతే ఇంటికి వచ్చాక నాకు మళ్ళీ రాయండి. అప్పుడు మనం హోటళ్ళ గురించి కాదు, ఆయన గురించి మాట్లాడుకుందాం.

బుకింగ్ హోటల్ సైట్‌లోనే, రద్దు చేసుకునే వీలున్న రేటుకే చెయ్యండి. ఆ గడువు తేదీ ఫోన్‌లో పెట్టుకుని, దానికి రెండు రోజుల ముందు ధర మళ్ళీ చూడండి. తగ్గి ఉంటే కొత్త రేటుకు బుక్ చేసుకున్నాకే పాతది రద్దు చెయ్యండి.