సోజు సీసా ఎవరి చేతిలో ఉండాలి?

"అన్నా, శుక్రవారం హ్వేషిక్ అంటున్నారు. నాకు మందు పెద్దగా అలవాటు లేదు. ఎగ్గొడితే ఏమనుకుంటారో?" సియోల్‌లో దిగి నెల తిరగకముందే మన కుర్రాళ్లలో చాలామంది ఈ టెన్షన్‌తో ఫోన్ చేస్తారు.

వెళ్లు తమ్ముడూ. హ్వేషిక్ అంటే టీమ్ అంతా కలిసి చేసే డిన్నర్. అక్కడ సోజు (కొరియా వాళ్ల మద్యం) తాగడం రాకపోయినా పర్వాలేదు, పోయడం రావాలి.

నేను వచ్చిన కొత్తలో హైదరాబాద్ అలవాటు కొద్దీ నా గ్లాసులో నేనే పోసుకున్నాను. పక్కాయన గబుక్కున సీసా లాక్కున్నాడు. కోపం వచ్చిందేమో అనుకున్నా. కాదు, పక్కనే తాను ఉండగా నేను పోసుకోవాల్సి రావడం ఆయనకు చిన్నతనమట. సరే, తప్పు దిద్దుకుందామని టీమ్ లీడర్ గ్లాసు సగం ఖాళీగా కనిపిస్తే నింపబోయా. ఈసారి ఇద్దరు ఆపారు. తాగుతున్న గ్లాసులో మళ్లీ పోయడం పెద్దల తద్దినంలో చేసే పనట!

పోసేటప్పుడు, పోయించుకునేటప్పుడు రెండు చేతులూ వాడాలి. గుళ్లో తీర్థానికి కుడిచేతి కింద ఎడమచెయ్యి పెడతాం కదా, ఆ భక్తి చాలు. పెద్దవాళ్ల ఎదుట తాగేటప్పుడు మొహం పక్కకు తిప్పుకోవాలి. ఇవి చేస్తే నువ్వెంత తాగావో పట్టించుకునేవాళ్లు తక్కువ.

ఇక అసలు కిటుకు. సగం గ్లాసులో పోయరని చెప్పాను కదా, అదే నీకు రక్ష. ఒక గ్లాసు పోయించుకుని, పెదాలకు తాకించి, అలా ఉంచెయ్. ఆ తర్వాత సీసా నీ చేతిలోకి తీసుకుని అందరి గ్లాసులూ చూసుకో. అసలే వద్దనుకుంటే మందులు వాడుతున్నానని చెప్పు, అక్కడ బాగా చెల్లే సాకు ఇది. మందు వల్ల మందు మానేయడమన్నమాట! సైదా అడిగితే నిమ్మసోడా లాంటి కూల్‌డ్రింక్ ఇస్తారు. సోజు గ్లాసులో పోసుకుంటే తేడా కూడా తెలియదు.

తాగేవాళ్లకు ఒక లెక్క. 360 మిల్లీల సోజు సీసా, 16 శాతం ఆల్కహాల్ అనుకుంటే, మన విస్కీ రెండు లార్జ్‌ల కంటే కాస్త ఎక్కువ. నీళ్లలా దిగిపోతుంది కాబట్టే మోసం. అందులో బీరు కలిపితే సోమెక్, అది ఇంకా మోసం. పైగా ఇల్‌చా, ఈచా, సామ్‌చా (ఒకటో, రెండో, మూడో రౌండు) అని ఒక్కో రౌండుకీ చోటు మారుస్తారు. ఇల్‌చాలో భోజనం అయ్యాక మెల్లగా జారుకున్నా పెద్ద తప్పేం లేదు.

ఆఫీసు వాళ్లు లేకుండా సరదాగా వెళ్లాలంటే నా ఓటు సియోల్‌లోని గ్వాంగ్‌జాంగ్ మార్కెట్‌కే. అక్కడ పెసరపప్పు నానబెట్టి, రుబ్బి, పెనం మీద నూనెలో మందంగా వేయించే బిందెట్టొక్ ఉంటుంది. మొదటిసారి చూసి పెసరట్టు తప్పిపోయి ఇక్కడికి వచ్చిందా అనుకున్నా. దాంతో బియ్యంతో చేసిన మక్గొల్లి ఇస్తారు. తెల్లగా, కొంచెం పులుపుగా, మన కల్లును గుర్తుచేస్తుంది. వాన పడితే మనకు మిరపకాయ బజ్జీలు గుర్తొస్తాయే, వాళ్లకు అలా మక్గొల్లి, ఉల్లికాడల అట్టు గుర్తొస్తాయి. అయితే శాకాహారులు అడగకుండా తినొద్దు. బిందెట్టొక్‌లో పంది మాంసం కలుపుతుంటారు, కిమ్చీలో సాధారణంగా చేపల సాస్ పడుతుంది.

చాలా బార్లలో మంచింగ్ ఏదో ఒకటి ఆర్డర్ చేయాల్సిందే. దాన్ని అన్‌జు అంటారు. వెయిటర్ కోసం చూస్తూ కూర్చోకు, బల్ల మీద గంట ఉంటే నొక్కు, లేకపోతే "యొగియో" అని పిలువు. గట్టిగా పిలిచినా ఎవరూ ఏమీ అనుకోరు. టిప్పు అక్కర్లేదు.

మెట్రో అర్ధరాత్రి ప్రాంతంలో ఆగిపోతుంది. రాత్రి 11 నుంచి 2 దాకా సియోల్ టాక్సీ మీద 40 శాతం అదనం. కారు జోలికి మాత్రం పోకు. 2019 నుంచి ఇక్కడ డ్రైవర్ రక్తంలో ఆల్కహాల్ పరిమితి 0.03 శాతం, మన దేశంలో ఉన్నదే. అద్దె కిక్‌బోర్డు (నిలబడి నడిపే ఎలక్ట్రిక్ స్కూటర్) మీద తూలుతూ దొరికినా జరిమానా తప్పదు.

మర్నాడు హ్యాంగోవర్‌కి హెజాంగ్‌గుక్ అనే సూప్ తాగమంటారు. చాలా రకాల్లో గొడ్డు ఎముకల చారు, గడ్డకట్టిన రక్తం ఉంటాయి, చూసుకో. నేను మాత్రం ఇంట్లో మిరియాల చారే పెట్టుకుంటాను.