ఎంతమంది ఫాలోవర్లు ఉంటే సెలబ్రిటీ అయినట్టు?

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను, మిమిక్రీ చేస్తాను. లెక్చరర్లు అటెండెన్స్ తీసుకునే తీరు మీద చేసిన ఒక రీల్‌ను 20 లక్షల మందికి పైగా చూశారు. 3 వేలున్న ఫాలోవర్లు 40 వేలు దాటారు. కాలేజీలో అందరూ సెలబ్రిటీ అంటున్నారు. చదువు ఆపేసి పూర్తిగా ఇందులోకి రావాలని ఉంది, ఇంట్లో ఒప్పుకోవడం లేదు. అసలు ఎంతమంది ఫాలోవర్లు ఉంటే నిజంగా సెలబ్రిటీ అయినట్టు?

జవాబు: ముందుగా అభినందనలు. ముక్కూముఖం తెలియని అన్ని లక్షల మంది ఆగి చూశారంటే మీలో విషయం ఉంది, దాన్ని తక్కువ చేసి మాట్లాడను.

కానీ మీరడిగిన అంకె మాత్రం ఎక్కడా లేదు. లక్ష మంది సబ్‌స్క్రైబర్లకు యూట్యూబ్ వెండి బటన్ ఇస్తుంది, 10 లక్షలకు బంగారు బటన్ ఇస్తుంది, అవి ఆ కంపెనీ తన లెక్క కోసం పెట్టుకున్న మెట్లు. ఒకప్పుడు ట్విట్టర్‌లో పేరు పక్కన నీలం టిక్ ఉంటే పేరున్న మనిషని గుర్తు, 2022 చివర్లో దాన్ని నెలకింతని డబ్బు కట్టినవాళ్లకు ఇవ్వడం మొదలుపెట్టారు, ఆ మరుసటి ఏడాది ఇన్‌స్టాగ్రామ్ కూడా అదే దారి పట్టింది. కాబట్టి టిక్ చూసి కూడా ఏమీ చెప్పలేం.

నేను చూసేది వేరే. మీ రీల్ చూసి నవ్వుకున్న ఆ 20 లక్షల మందిలో మీ పేరు ఎంతమందికి గుర్తుంది? చాలామందికి గుర్తున్నది అటెండెన్స్ రీల్. అది వైరల్ అయింది, మీరింకా అవలేదు. ఈ రెండింటికీ తేడా తెలియకే చాలామంది పిల్లలు తొందరపడి నిర్ణయాలు తీసుకుంటున్నారు, నా బాధంతా అదే.

సెలబ్రిటీ అంటే, చేసిన పనితో సంబంధం లేకుండా ఆ మనిషి కోసమే జనం వచ్చే స్థితి. గొప్ప సర్జన్ ఉంటారు, ఆ రంగంలో అందరికీ తెలుసు, అయినా ఆవిడ సెలవుల్లో ఎక్కడికి వెళ్లారో ఎవరికీ పట్టదు. సెలబ్రిటీ విషయంలో పడుతుంది. 1956లోనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు, డోనాల్డ్ హార్టన్, రిచర్డ్ వోల్, టీవీలో కనిపించేవాళ్లతో ప్రేక్షకులకు ఏర్పడే ఒకవైపు చనువు గురించి రాశారు. చూసేవాళ్లకు మీరు సొంత మనిషిలా అనిపిస్తారు, మీకు మాత్రం వాళ్లెవరో తెలియదు. ఫోన్ వచ్చాక ఆ చనువు పదింతలైంది, ఎందుకంటే మీరు మీ గదిలోంచే మాట్లాడతారు, కామెంట్‌కు జవాబిస్తారు. అందుకే ఇప్పుడు సినిమాలూ టీవీ అక్కర్లేకుండానే సెలబ్రిటీలు పుడుతున్నారు. ఖాబీ లేమ్‌నే చూడండి, 2020లో ఇటలీలో ఫ్యాక్టరీ ఉద్యోగం పోయాక వీడియోలు మొదలుపెట్టి 2022 జూన్‌కల్లా టిక్‌టాక్‌లో అందరికన్నా ఎక్కువ ఫాలోవర్లున్న మనిషయ్యాడు. ఒక్క మాట కూడా మాట్లాడకుండా చేతులు చాచి అతను పెట్టే ఆ ముఖం చూడటానికే జనం వచ్చారు, వీడియో ఏదైనా సరే.

అలాంటివాళ్లను చూసే చదువు మానేయాలనిపిస్తుంది, నాకు అర్థమవుతుంది. అమెరికన్ యూట్యూబర్ మిస్టర్ బీస్ట్ సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. అతను 2012లో మొదలుపెడితే పెద్ద గుర్తింపు వచ్చింది 2017లో, కెమెరా ముందు కూర్చుని లక్ష దాకా అంకెలు లెక్కపెట్టిన వీడియోతో. మధ్యలో ఐదేళ్లు.

ఇంకో సంగతి, పేరు వచ్చిన చోటు మీది కాదు. ఆరు సెకన్ల వీడియోల యాప్ వైన్ 2013లో వచ్చింది, దాంట్లో ఎంతోమంది స్టార్లయ్యారు, 2017 జనవరిలో అది మూతపడింది. షాన్ మెండెస్ అక్కడే పాటలతో పేరు తెచ్చుకున్నాడు, యాప్ పోయినా గొంతు ఉంది కాబట్టి గాయకుడిగా నిలబడ్డాడు. మీ మిమిక్రీ కూడా అలాంటిదే, స్టేజీ మీదికీ డబ్బింగ్‌లోకీ రేడియోలోకీ మీతోపాటు వస్తుంది. అందుకే రీళ్ల మీద కన్నా గొంతు మీద ఎక్కువ గంటలు పెట్టమంటాను.

డబ్బు సంగతి కూడా తెలుసుకోండి. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లతోపాటు ఏడాదిలో 4,000 గంటల వాచ్ టైమ్ గానీ, 90 రోజుల్లో షార్ట్స్‌కు, అంటే రీల్ లాంటి చిన్న వీడియోలకు, కోటి వ్యూస్ గానీ ఉండాలి. ఆ తర్వాత మామూలు వీడియోలకు 55 శాతం, షార్ట్స్‌కు 45 శాతం ఇస్తారు. అందుకే చాలామందికి అసలు ఆదాయం బ్రాండ్ల నుంచే వస్తుంది, బ్రాండ్లు కూడా జనం మళ్లీ మళ్లీ వస్తున్నారా అని చూస్తాయి.

కాబట్టి చదువు ఆపకండి, ఇంకో ఏడాది చిల్లరే కదా. వారానికి రెండు వీడియోలు, పరీక్షలప్పుడు ఒకటి. అటెండెన్స్ రీల్ లాంటిదే మళ్లీ చేయమని అందరూ అడుగుతారు, ఒకటి చేసి ఆపండి, కొత్త పాత్రలు చేసి చూడండి, అప్పుడు కూడా వచ్చేవాళ్లే మీ మనుషులు. యూట్యూబ్‌లో కూడా పెట్టండి, యూట్యూబ్ స్టూడియో అని ఛానెల్ లెక్కలు చూపించే చోట తిరిగి వచ్చే ప్రేక్షకుల లెక్క, మీ పేరు టైప్ చేసి వెతికినవాళ్ల లెక్క రెండూ కనిపిస్తాయి.

ఈలోగా ఏ ఏజెన్సీ అయినా అగ్రిమెంట్ పట్టుకొస్తే సంతోషంలో సంతకం పెట్టేయకండి. ఎన్నేళ్లు, ఆదాయంలో ఎంత వాటా, అకౌంట్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంటుంది, ఈ మూడూ చదివి, తెలిసిన లాయర్‌కు చూపించాకే పెట్టండి. అమ్మానాన్నలకు కూడా ఆ కాగితం చూపించండి, వాళ్ల భయం మీ టాలెంట్ మీద కాదు, రేపటి మీద. ఆరు నెలలు ఆ రెండు లెక్కలూ నెలనెలా రాసిపెట్టి నాకు పంపండి, డిగ్రీ అయ్యాక ఏం చేయాలో అప్పుడు కూర్చుని మాట్లాడదాం.